పాత కారు ఇంజన్‌ను ఇంటి షెడ్డులో శుభ్రం చేసి, పరీక్షించడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి రాగానే చాలామంది ముందుగా బానెట్ ఎత్తి పైపుతో ఇంజన్ కడిగేస్తారు. తొందరపడకండి. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో చెప్పేది ఆ జిడ్డు మురికే. ఇక్కడ కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800ను (796 సీసీ, 3 సిలిండర్లు) ఉదాహరణగా తీసుకున్నాం. మిగతా పెట్రోలు కార్లకూ పద్ధతి దాదాపు ఇదే.

ముందు ఇంజన్ చల్లగా ఉండగా టార్చితో చూడండి. జిడ్డు ఎక్కడ మొదలైందో పై నుంచి కిందికి వెతకాలి, ఎందుకంటే ఆయిల్ కిందికే జారుతుంది. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) చుట్టూ తడిగా ఉంటే దాని కింది గ్యాస్కెట్ (కారకుండా మధ్యలో వేసే పట్టీ) మారిస్తే సరిపోతుంది. ఇంజన్ పై భాగమైన హెడ్డు, కింది భాగమైన బ్లాకు కలిసే గీత దగ్గర తడి ఉంటే అది పెద్ద పని. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. అలాంటి ఇంజన్‌ను స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయాలి. లోపల నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

బండి నెలల తరబడి కదలకుండా ఉంటే నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి టాప్ గేరులో వేసి బండిని మెల్లగా నెట్టండి. ఇంజన్ తిరిగితే సరే. బిగుసుకుంటే బలవంతం చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

అసలు పరీక్ష కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడటం. దాన్ని కొలిచే గేజ్ కొనుక్కోవచ్చు, తెలిసిన గ్యారేజీలో అడిగి తెచ్చుకోవచ్చు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. హెడ్డు అల్యూమినియంది కాబట్టి బాగా కాలుతున్నప్పుడు ప్లగ్గులు విప్పితే మరలు చెడతాయి. చేయి ఆనించగలిగినంత వేడి తగ్గాక విప్పండి. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ వైరు తప్పక ఊడదీయండి, లేకపోతే ప్లగ్ రంధ్రాల నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ తగలొచ్చు. గేజ్ బిగించాక ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ముల్లు పెరగడం ఆగేదాకా, అంటే నాలుగైదు సెకన్లు, సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల లెక్కా రాసుకోండి.

150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పైన ఉండి, మూడింటి మధ్య తేడా 15 లోపే ఉంటే ఢోకా లేదు. ఒక దాంట్లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. లెక్క బాగా పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పోసిన ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది కాబట్టే పెరిగింది. పెరగకపోతే వాల్వులు (గాలి, పొగ దారులను తెరిచి మూసేవి) సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

ఇక కడగడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, ప్లగ్గులు బిగించండి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది), కాయిల్, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్ మూతి ప్లాస్టిక్ కవర్లతో గట్టిగా కట్టేయండి. అర లీటరు కిరోసిన్ లేదా డీగ్రీజర్, ఒక పాత పెయింటు బ్రష్షు చాలు. పెట్రోలుతో మాత్రం కడగొద్దు. పది నిమిషాలు నాననిచ్చి సబ్బు నీళ్లతో రుద్ది, మగ్గుతో మెల్లగా నీళ్లు పోయండి. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ పైపు ఇక్కడ వద్దు, అది కనెక్టర్లలోకి నీళ్లు తోసేస్తుంది. కడిగాక స్టార్ట్ కాలేదంటే చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తడే కారణం. విప్పి పొడిగుడ్డతో తుడవండి.

లోపలి శుభ్రత కోసం ఇంజన్‌లో డీజిల్ పోసి నడిపే అలవాటు మనవైపు బాగా ఉంది. అది మానండి. పల్చటి డీజిల్‌తో బేరింగులకు జారుడు దొరకదు, పెళ్లలుగా ఊడిన మడ్డి వెళ్లి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. దానికి బదులు ఆయిల్, ఫిల్టర్ మార్చి 500 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ మార్చండి. వదిలిన ఆయిల్‌లో తళతళలాడే లోహపు రేకులు కనిపిస్తే బేరింగులు అరిగిపోతున్నట్టు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం వల్ల లోపల గార కడుతుంది. మంచినీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) పీకేసే మెకానిక్కులు తక్కువేం కాదు. ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకుని చూడండి. కాసేపు చల్లగా ఉండి తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది, పనిచేస్తోంది. మొదటి నుంచీ నెమ్మదిగా వేడెక్కుతుంటే లోపల అది లేదు, లేదా తెరుచుకునే బిగుసుకుపోయింది.

టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పేది) ఎప్పుడు మార్చారో పాత యజమాని చెప్పలేకపోతే కొత్తది వేయించండి. చివరగా, కడిగిన ఇంజన్ కింద రాత్రికి పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద చుక్క ఎక్కడ పడిందో గుర్తుపెట్టి, సరిగ్గా దాని పైన చూడండి.