దుకాణం వెబ్‌సైటును ఫోన్లకు అనువుగా మార్పించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కడప, ప్రొద్దుటూరు వ్యాపారులు ఈ పనిని ఎవరికైనా అప్పగించే ముందు, ఇప్పుడున్న సైటు పూర్తి ప్రతిని వేరొకచోట భద్రపరచుకోవాలి. డొమైన్ పేరు (సైటు చిరునామా), హోస్టింగ్ ఖాతా (సైటును ఇంటర్నెట్‌లో ఉంచే చోటు ఖాతా) సైటు తయారుచేసేవారి పేరున కాక యజమాని పేరునే ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి.

వెతుకులాట ఫలితాల కోసం గూగుల్ ఇప్పుడు ప్రధానంగా సైటు మొబైల్ రూపాన్నే చదువుతుంది కనుక, ఫోన్ పేజీలో ధరలను, వివరాలను తగ్గించకూడదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ తెలుగు అక్షరాలపై పెట్టాలి. కరపత్రం కోసం ప్రెస్సులో ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని అలాగే తెచ్చి అతికిస్తే, ఆ ఫాంటు లేని ఫోన్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందువల్ల దాన్ని అన్ని ఫోన్లూ గుర్తించే యూనికోడ్ అనే అక్షర పద్ధతిలోకి మార్పించి, ఒత్తులు, గుణింతాలు సరిగా వచ్చాయో లేదో తెలుగు బాగా తెలిసినవారితో చదివించాలి. పాఠాన్ని బొమ్మగా పెట్టడం తేలిక మార్గంగా తోస్తుంది గానీ, చిన్న తెరపై అది చదవడానికి వీలుకాదు. అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గకూడదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకకుండా వరుసల మధ్య ఎడం కూడా కాస్త ఎక్కువగానే ఉంచాలి.

చీరల వంటి సరుకుల ఫొటోలను కెమెరా పరిమాణంలోనే ఎక్కించకుండా, వెబ్‌పీ వంటి తేలికైన రూపంలోకి మార్చాలి. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ సూచించే ప్రమాణం. దీన్ని దుకాణంలోని వైఫైతో కాక, తక్కువ ధర ఫోన్‌తో, సిగ్నల్ బలహీనంగా ఉండే పల్లెలో పరీక్షించడమే న్యాయం. ఫోన్ నంబరు నొక్కగానే కాల్ వెళ్లాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న నంబరు, పనివేళలు సైటులోని వాటితో సరిపోలాలి.