గాసిప్ పత్రికకు కవర్ పేజీ కట్టడం ఎలా?

స్టాండులో పత్రికలు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి. బయటికి కనిపించేది పైభాగమో, ఎడమ అంచో అంతే. అందుకే పత్రిక పేరు పైన, ప్రధాన శీర్షికలో పదునైన మాట ఎడమవైపు పెట్టండి. అందరికీ తెలిసిన పత్రికైతే తార తల పేరును కాస్త కప్పినా ఫర్వాలేదు. కొత్త పత్రికకు ఆ సరదా వద్దు.

ఏ4 సైజుకు నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపితే, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఫొటో వెడల్పు దాదాపు 2,550 పిక్సెళ్లు ఉండాలి. ఫోన్‌లో మెరిసిన ఫొటో అచ్చులో మసకబారేది ఇక్కడే.

పెద్ద కథ ఒక్కటే. చుట్టూ మూడో నాలుగో చిన్నవి. అన్నీ అరిస్తే ఏదీ వినబడదు. విడాకుల పుకారుకు రెండు వేర్వేరు ఫొటోలు తీసుకుని, చెరోవైపు చూస్తున్నట్టు పేర్చి, మధ్యలో చిరుగు గీత వేస్తారు. ఆ ఫొటోలు ఒకే రోజువి కానక్కర్లేదు. మోసం అక్కడే మొదలవుతుంది.

1971లో బాలీవుడ్ గాసిప్ పత్రిక స్టార్‌డస్ట్ తొలి సంచిక రాజేశ్ ఖన్నాకు రహస్యంగా పెళ్లయిందా అని అడిగింది. ప్రశ్నార్థకం ఆసక్తి రేపుతుంది. పరువునష్టం దావాను ఆపుతుందనుకుంటే మాత్రం పొరపాటే.

నటి అనగానే బరువు, వయసు, పెళ్లి. హీరో అనగానే పారితోషికం, తర్వాతి సినిమా. బ్రిటన్‌లో హీట్ పత్రిక తారల ఫొటోల్లో చెమట మరకల చుట్టూ వలయాలు గీసింది. శీర్షికలో నటి పేరు తీసి హీరో పేరు పెట్టి చదవండి. వింతగా వినిపిస్తే తిరగరాయండి.

చివరగా అసలు సైజులో ప్రింట్ తీసి, రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. ప్రధాన శీర్షిక చదవలేకపోతే చిన్నవాటిలో ఒకటి తీసేయండి.