స్టీమ్‌లో 90 శాతం అంటే 90 మార్కులు కాదు

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కనిపించే శాతం గేమ్ ఎంత బాగుందో చెప్పదు, ఎంతమంది బొటనవేలు పైకెత్తారో చెబుతుంది. "పర్లేదు" అన్నవాడి ఓటూ, "అద్భుతం" అన్నవాడి ఓటూ అక్కడ ఒకటే. రివ్యూల మార్కుల్ని ఒకచోట చేర్చే సైట్ మెటాక్రిటిక్‌ది వేరే లెక్క: విమర్శకుల మార్కుల సగటు, అదీ అందరికీ సమాన విలువ ఇవ్వకుండా. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

కొనేముందు మొత్తం శాతం వదిలేసి, గత 30 రోజుల రివ్యూలు చూడండి. ఏదైనా అప్‌డేట్ గేమ్‌ని చెడగొట్టి ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. తర్వాత ఆడిన గంటల ఫిల్టర్ పెట్టి, 10 గంటలు దాటినవాళ్ల నెగటివ్ రివ్యూలు చదవండి. అసలు సరుకంతా వాటిలోనే ఉంటుంది. అరగంటలో తిట్టినవాళ్లు చాలావరకు క్రాష్‌ల గురించే చెబుతారు (మీ గ్రాఫిక్స్ కార్డూ వాళ్లదీ ఒకటైతే అదీ పనికొస్తుంది).

మార్కులు ఏ ప్లాట్‌ఫామ్‌వో కూడా చూసుకోండి. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలకు ముందు వచ్చిన రివ్యూలన్నీ పీసీవే. సోనీ గేమ్ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది.

ఇంకా అనుమానముంటే స్టీమ్ రీఫండ్ ఉంది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు. మెనూలో వదిలేసి వెళ్లిన సమయమూ ఆ లెక్కలోకే వస్తుంది.