సమ త్వరణం లెక్కలు: పరీక్షకు ముందు ఈ జాగ్రత్తలు

గత వారం ఇంటర్ ఫస్టియర్ వీక్లీ టెస్టు పేపర్లు దిద్దుతుంటే గుండె జారిపోయింది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకి బ్రేకు వేస్తే సెకనుకు 5 మీ./సె. చొప్పున వేగం తగ్గుతోంది, 6 సెకన్లలో ఎంత దూరం పోతుంది? బాగా చదివే పిల్లలే వరసపెట్టి 30 మీటర్లు అని రాశారు. 72ని 5/18తో గుణించి 20 మీ./సె. చేశారు, దూరం సూత్రంలో (s = ut + ½at²) వేశారు, 120 లోంచి 90 తీసేశారు. కూడికలూ తీసివేతలూ అన్నీ కరెక్టే. కానీ ఆ కారు 4 సెకన్లకే, 40 మీటర్ల దగ్గరే ఆగిపోయింది! మిగతా 2 సెకన్లూ సూత్రం దాన్ని 10 మీటర్లు వెనక్కి నడిపించింది. బ్రేకు వేస్తే ఏ కారైనా వెనక్కి వస్తుందా?

సూత్రాలు మీకు వచ్చు, వాటి గురించి చెప్పను. మిమ్మల్ని ముంచేది ఒక్కటే: త్వరణం (సెకనుకు వేగం ఎంత మారుతుందో అది) మారిపోయినా అదే సూత్రాన్ని లాక్కుంటూ పోవడం. కారు ఆగగానే దాని త్వరణం సున్నా అయిపోయింది కదా. త్వరణం మారిన చోట లెక్క తెంచండి. ఒక ముక్కలో తుది వేగమే తర్వాతి ముక్కకి తొలి వేగం.

రాకెట్ లెక్క చూడండి. నిశ్చల స్థితి నుంచి 10 మీ./సె² త్వరణంతో 10 సెకన్లు పైకి లేచి ఇంధనం అయిపోయింది. అప్పటికి ఎత్తు 500 మీటర్లు, వేగం 100 మీ./సె. గరిష్ఠ ఎత్తు 500 అని రాసేసి పేజీ తిప్పేస్తారు. ఇంధనం అయిపోతే రాకెట్ అక్కడే ఆగిపోదు కదా, జీ (భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) విలువ 10 అనుకుంటే ఇంకో 500 మీటర్లు పోతుంది. జవాబు 1000.

80 మీటర్ల మేడ మీంచి వదిలిన రాయి నేలను తాకేటప్పుడు తుది వేగం సున్నా అని వేయడమూ ఇదే తప్పు. సున్నా చేసేది నేల, అది తగిలాక త్వరణం వేరు. మన లెక్క తగలబోయే క్షణంతోనే సరి, అప్పటి వేగం 40 మీ./సె.

ఇంకొన్ని. దిశ ముందే పెట్టుకోండి. పైకి ప్లస్ అనుకుంటే బంతి లేచేటప్పుడూ పడేటప్పుడూ జీ మైనస్సే, మధ్యలో మార్చొద్దు. కొన దగ్గర వేగం సున్నా, త్వరణం కాదు. ఫలానా సెకనులో దూరం అడిగితే ఆ సెకనులోనే బంతి వెనక్కి తిరిగిందేమో చూడండి: 25 మీ./సె. వేగంతో పైకి విసిరితే మూడో సెకనుకి సూత్రం సున్నా ఇస్తుంది, అది స్థానభ్రంశం (మొదలైన చోటికీ చేరిన చోటికీ మధ్య తేడా), బంతి తిరిగిన దూరం 2.5 మీటర్లు. యూనిట్లు మార్చకుండా లెక్క ముట్టుకోవద్దు. కాలానికి రెండు జవాబులూ ప్లస్‌లో వస్తే ఒకటి కొట్టేయకండి, బంతి ఆ ఎత్తుని రెండుసార్లు దాటుతుంది. మీ జవాబు ఆప్షన్లలో కనబడిందని సంబరపడొద్దు, ఆ 30 కూడా అక్కడే ఉంటుంది, జేఈఈ మెయిన్‌లో అయితే ఒక మార్కు కోస్తారు కూడా. బొమ్మ గీయండి. త్వరణం మారిందా, తెంచండి. రెండు స్టేషన్ల మధ్య రైలు వేగం అందుకుని, కాసేపు అదే వేగంతో పోయి, బ్రేకు వేసి ఆగితే అవి మూడు లెక్కలు, మూడూ విడిగా చేయండి.