పచ్చ రాయి కొనేముందు అది మరకతమో కాదో ఎలా తేల్చుకోవాలి?

పచ్చగా మెరిసే రాయినల్లా మనం పచ్చ అనే పిలుస్తాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. బుధుడి కోసం జాతిపచ్చ ధరించాలని దుకాణానికి వెళ్తే మరకతంతో పాటు పెరిడాట్, ఆకుపచ్చ టూర్మలిన్, సావొరైట్, రంగు వేసిన గ్రీన్ ఓనిక్స్, ఒక్కోసారి గాజు ముక్క కూడా అదే పళ్లెంలో కనిపించవచ్చు. మా ఇంట్లో ఇరవై ఏళ్లు జాతిపచ్చగా చలామణి అయిన ఉంగరపు రాయి చివరికి గ్రీన్ ఓనిక్స్ అని తేలింది. అన్నేళ్లూ మేము చూసింది రంగును మాత్రమే.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న టార్చి, గ్రాములో వందో వంతు చూపే జేబు త్రాసు, కప్పు నీళ్లు, సన్నని దారం ఉంటే ఇంటి దగ్గర చేయగలిగిన పరీక్షలు చాలావరకు పూర్తవుతాయి.

మొదట రాయిని దుకాణం దీపాల కింద కాక, పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద ఉంచి చూడాలి. పెరిడాట్‌కు రంగునిచ్చేది ఇనుము కాబట్టి అందులో పసుపు ఛాయ కనిపిస్తుంది, మంచి మరకతంలో ఉండే నీలి ఛాయ ఉండదు. టూర్మలిన్‌ను వేళ్ల మధ్య తిప్పితే ఒక వైపు నుంచి బాగా ముదురుగా, మరో వైపు నుంచి లేతగా కనిపిస్తుంది.

తరువాత భూతద్దం తీసుకోవాలి. అసలు పని ఇక్కడే ఉంది కనుక తొందరపడకూడదు. సహజ మరకతం లోపల సన్నని జీరలు, పగుళ్లు, మసక తెరలు అల్లుకుని ఉంటాయి. ఫ్రెంచివారు దీనిని తోట అని ముద్దుగా పిలుస్తారు. కొలంబియా రాళ్లలో ద్రవం నిండిన చిన్న గుంతలో ఒక గాలి బుడగ, దాని పక్కనే ఉప్పు స్ఫటికం కలిసి కనిపించవచ్చు. జాంబియా రాళ్లలో అభ్రకపు రేకులు కనిపించడం మామూలే. గాజులో గుండ్రని బుడగలు, పాకం తిప్పినట్టున్న సుడులు ఉంటాయి, పలకల అంచులు కూడా మొద్దుబారి ఉంటాయి. వేలి గోరంత పెద్ద రాయి నీటిబొట్టులా నిర్మలంగా ఉండి, పైగా చౌకగా వస్తోందంటే నేను ముందుగా దానినే అనుమానిస్తాను. పై పలక గుండా అడుగు పలకల అంచులను చూసినప్పుడు ఒక్కో గీత స్పష్టంగా రెండుగా కనిపిస్తే అది పెరిడాట్ కావచ్చు. టూర్మలిన్‌లోనూ ఈ జంట గీతలు కొంత కనిపిస్తాయి. సావొరైట్‌లో, గాజులో కనిపించవు. రాయిని నీళ్లలో ముంచి పక్క నుంచి చూడడం మరచిపోవద్దు. రెండు రంగులేని ముక్కల మధ్య పచ్చని జిగురు పెట్టి అతికించిన రాయి అయితే ఆ పచ్చగీత అప్పుడు బయటపడుతుంది.

నగలో బిగించని రాయి అయితే సాంద్రతను కూడా చూడవచ్చు. ముందు రాయిని తూచి బరువు రాసుకోవాలి. ఆ తరువాత నీళ్ల కప్పును త్రాసు మీద పెట్టి సున్నా చేసి, దారంతో కట్టిన రాయిని అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి, రాయికి గాలి బుడగలు అంటుకుంటే తుడిచెయ్యాలి. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించాలి. 2.18 గ్రాముల రాయికి 0.80 వస్తే సాంద్రత సుమారు 2.72, అది మరకతానికి సరిపోతుంది. అదే బరువున్న పెరిడాట్‌కు 0.65, సావొరైట్‌కు 0.60, ఓనిక్స్‌కు 0.84 దగ్గరగా వస్తుంది. గ్రాము కంటే తక్కువ బరువున్న రాయికి ఈ త్రాసు చాలదు.

ఇవన్నీ దాటినా ప్రయోగశాలలో పెంచిన మరకతాన్ని ఇంట్లో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అదీ మరకతమే, దాని లోపలా తెరలు ఉంటాయి. రాళ్లను పరీక్షించే రంగు అద్దమైన చెల్సీ ఫిల్టర్‌లో ఎర్రగా కనిపించింది కనుక అసలుదే అనే మాటను పట్టించుకోనక్కరలేదు. కొలంబియా రాళ్లు చాలావరకు ఎర్రగా కనిపిస్తాయి, పెంచిన రాళ్లు మరింత ఎర్రగా కనిపిస్తాయి, జాంబియా రాళ్లు, మన రాజస్థాన్ రాళ్లు సహజమైనవే అయినా చాలాసార్లు ఎర్రబడవు.

ఏది కొనాలన్నది ఎక్కడ ధరిస్తారన్న దానిని బట్టి ఉంటుంది. ఒకటి నుంచి పది వరకు ఉండే మోస్ కొలమానంలో మరకతం గట్టితనం 7.5 నుంచి 8 వరకు ఉన్నా లోపలి పగుళ్ల వల్ల దెబ్బకు తట్టుకోదు, ఆ పగుళ్లు కనబడకుండా నూనె పట్టించడం వ్యాపారంలో మామూలు. అందుకే రోజూ గిన్నెలు తోమే చేతికి మరకతపు ఉంగరం కంటే మెడలో లాకెట్టో చెవులకు దుద్దులో మేలు. వేడి సబ్బునీళ్లు, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం దాని దగ్గరికి రానివ్వకూడదు. పెరిడాట్ చౌక, కాని 6.5 నుంచి 7 గట్టితనమే కావడంతో ఇసుక ధూళికి కూడా గీతలు పడతాయి. కెన్యాలోని సావో ఉద్యానవనం పేరు మీద 1974లో పేరు పొందిన సావొరైట్‌కు సాధారణంగా నూనె పట్టించరు, మెరుపూ ఎక్కువే. జాతకం పట్టింపు లేకుండా అందం కోసమే కొనేవారికి నేను దానినే సూచిస్తాను, అయితే పెద్ద రాళ్లు అరుదు.

బిల్లులో బరువు క్యారట్లలోనే రాయించాలి. క్యారట్ అంటే 0.2 గ్రాములు; గురివింద గింజ నుంచి వచ్చిన రత్తికి మాత్రం ఒక్కో చోట ఒక్కో లెక్క. రత్నాల ప్రయోగశాల నివేదికలో రాయి సహజమైనదని, పట్టించిన నూనె మైనరో (కొద్దిగా) మోడరేటో (ఓ మాదిరిగా) రాసి ఉందో లేదో చదివి, అందులోని బరువు, కొలతలు చేతిలో ఉన్న రాయితో సరిపోలిన తరువాతే డబ్బు చెల్లించాలి.