ఉగాదికి నారు, మే ఆఖరుకు నాట్లు: చలిప్రాంతంలో పెరటి కూరగాయలు

అమెరికాలోని మినియాపోలిస్ లాంటి ఊళ్ళలో ఉగాది పచ్చడి కలిపే రోజుకు పెరట్లో నేల గడ్డకట్టి అయినా ఉంటుంది, అప్పుడే కరిగి బురదగానైనా ఉంటుంది. అయినా ఆ పండుగ వచ్చేసరికి విత్తనాల పొట్లాలు విప్పకుండా మనకు చేతులు ఊరుకోవు. ఆ తొందర తప్పేమీ కాదు గాని, దానిని పెరటి వైపు కాక ఇంట్లో ఒక బల్ల వైపు మళ్ళించాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడ చేయవలసిన పని చాలానే ఉంది. ఏ విత్తనాన్ని నేలలో వేయాలో, దేనిని ఇంట్లో నారు పోయాలో, దేనిని ఇంకా పొట్లంలోనే ఉంచాలో తెలుసుకోవడమే ఇందులోని మెళకువ.

లెక్క మొదలుపెట్టవలసింది ఆ ఊళ్ళో వసంతకాలపు చివరి ఫ్రాస్ట్ పడే తేదీ నుంచి. మంచు అన్న ఒక్క మాటతోనే మనం పొగమంచునూ, తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బిందువులనూ, ఆకాశం నుంచి దూదిలా రాలే దానినీ సరిపెట్టుకుంటాం. తోట వేసేవారు వసంతంలో భయపడవలసింది వీటిలో దేనికీ కాదు. గాలి లేని, మబ్బు లేని రాత్రి వేడి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సున్నా సెల్సియస్‌కు దిగినప్పుడు లేత ఆకుల లోపలి నీరే గడ్డకట్టి కణాలను చీల్చివేస్తుంది, ఫ్రాస్ట్ అంటే అదే. మినియాపోలిస్ చుట్టుపక్కల మే నెల మధ్య దాకా ఆ భయం ఉన్నట్టే లెక్కవేసుకోవడం మేలు. అక్టోబరు వచ్చేసరికి మళ్ళీ అదే చలి ముంచుకొస్తుంది కాబట్టి, సుకుమారమైన పంటకు మిగిలేది సుమారు నాలుగున్నర నెలలు. నర్సరీల్లో కనిపించే హార్డీనెస్ జోన్ అంకె ఈ లెక్కకు పనికిరాదు. అది శీతాకాలపు అత్యల్ప ఉష్ణోగ్రతను బట్టి వేసినది, ఏళ్ళ తరబడి నేలలో నిలిచే మొక్కలకు ఉద్దేశించినది.

మొదటి ఏడాది నేను ఈ లెక్క వేయలేదు. ఏప్రిల్ ఆఖరులో నాలుగు రోజులు వరుసగా ఎండ కాసింది, దుకాణం ముందు టమాటా మొక్కలు బారులు తీరి ఉన్నాయి, అమ్ముతున్నారంటే నాటవచ్చుననే అనుకొని పన్నెండు మొక్కలు నాటాను. వారం తిరక్కుండానే ఒక ఉదయం చూస్తే, ఆకులన్నీ వేడినీళ్ళలో ముంచి తీసినట్టు నల్లబడి కాడలకు వేలాడుతున్నాయి. దుకాణాలు అమ్మకపు కాలాన్ని చూసుకుంటాయే గాని, మన పెరటి నేల ఎంత చల్లగా ఉందో చూడవు.

ఈ చిక్కుకు విరుగుడు మన ఊరి పంటల క్రమంలోనే దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చలికాలంలో బాగా పండే ధనియాలు, మెంతి, ముల్లంగి, బఠాణీ, క్యారెట్ ఇక్కడ ఏప్రిల్‌లో వేయవలసిన పంటలు. అక్కడ ఎండల్లోనూ వానాకాలంలోనూ పెరిగే బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, బీర, సొర ఇక్కడ జూన్ పంటలు. ఒక్కసారి ఇలా తలకెక్కితే ఏ పొట్లం ముందు విప్పాలో ఎవరినీ అడగనక్కరలేదు. మన బజారులో పాలకూరగా అమ్మేది నిజానికి బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. ఇక్కడి స్పినాచ్ వేరే మొక్క, చలిని దానికన్నా బాగా ఓర్చుకుంటుంది, కాబట్టి తొలి మడిలో దానికే చోటివ్వడం మంచిది.

చోటు ఎంచుకునేటప్పుడు ఏప్రిల్ ఎండను నమ్మకూడదు. అప్పటికి చెట్లకు ఆకులుండవు గనుక పెరడంతా వెలుగుతో నిండినట్టు కనిపిస్తుంది. జూన్ నాటికి పెరట్లోని మేపుల్ లాంటి పెద్ద చెట్టు చిగిర్చి సగం పెరటిని నీడలో ముంచుతుంది. రోజుకు కనీసం ఆరు గంటలు, వీలైతే ఎనిమిది గంటలు ఎండ తగిలే చోటు కావాలి. మార్చిలో పెరటి మంచు ఏ మూల ముందుగా కరుగుతుందో గమనిస్తే ఆ మూలే తొందరగా వేడెక్కే నేల అని తెలుస్తుంది, అది సాధారణంగా ఇంటికి దక్షిణం వైపున ఉంటుంది. అయితే ఇంటి గోడ వారనే మడి కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం: అమెరికాలో ఇళ్ళకు సీసం కలిసిన రంగులు వాడడాన్ని 1978లో నిషేధించారు, అంతకుముందు కట్టిన ఇళ్ళ గోడల నుంచి రాలిన పెచ్చులు మట్టిలో కలిసి ఉండవచ్చు. అలాంటి చోట మట్టిని పరీక్షకు పంపకుండా ఆకుకూరలు వేయరాదు.

నేల పదునుకు రాకముందు పార దించడం రెండో పెద్ద తప్పు. మంచు కరిగిన నీటితో నిండిన బంకమట్టిని తవ్వితే అది ఇటుకల్లా గడ్డకడుతుంది, ఆ గడ్డలు వేసవంతా చితకవు. గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, వేలితో పొడవాలి. పొడిపొడిగా విడిపోతే నేల పదునులో ఉన్నట్టు, ముద్దగానే నిలిస్తే మరో వారం ఆగవలసిందే. అంత ఓపిక లేనివారు, నేల మరీ జిగటగా ఉన్నవారు చెక్కలతో ఎత్తు మడి కట్టుకోవచ్చు. అది నేలకన్నా ముందు వేడెక్కుతుంది, నీరు నిలవదు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న మడికి 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది, అంటే ఒకటిన్నర ఘనపుటడుగుల సంచులు ఇరవై రెండు. నాలుగు అడుగులకు మించి వెడల్పు వద్దు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ చేయి నడిమికి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు.

మట్టిలోకి ఒక థర్మామీటరు గుచ్చి ఉదయం పూట చూడాలి. రెండు అంగుళాల లోతులో వరుసగా కొన్ని రోజులు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కనిపిస్తే చలిపంటలు వేయవచ్చు. బఠాణీ గింజలను అంగుళం లోతున, రెండేసి అంగుళాల దూరంలో పెట్టి అప్పుడే కర్రలో వలో నిలబెట్టాలి. ధనియాలను చపాతీ కర్రతో తేలికగా నొక్కి రెండు బద్దలు చేసి చల్లాలి. వంటింటి డబ్బాలోని ధనియాలు, మెంతులు కూడా పాతవి కాకపోతే చాలావరకు మొలుస్తాయి. మెంతులను ఒక రాత్రి నానబెట్టి చల్లితే సరిపోతుంది. కొత్తిమీర వేడి ముదిరితే ఆకు మాని పూతకు వస్తుంది కాబట్టి, పది పన్నెండు రోజులకోసారి కొద్దికొద్దిగా వేసుకుంటూ జూన్ మొదటికి ఆపాలి. ఈ పంటలన్నీ తేలికపాటి ఫ్రాస్ట్‌ను తట్టుకుంటాయి. మరీ చలి రాత్రి అనిపిస్తే పైన ఒక పలుచని తోట గుడ్డ కప్పితే చాలు. చలికన్నా వీటికి కుందేళ్ళ బెడదే ఎక్కువ, కనీసం రెండు అడుగుల ఎత్తున సన్నకన్నుల వల కట్టకపోతే బఠాణీ మొలకలు ఒక్క ఉదయంలో మాయమవుతాయి.

ఇక ఇంట్లో నారు సంగతి. మిరప, వంగ నారు నాటే తేదీకి ఎనిమిది నుంచి పది వారాల ముందు పోయాలి, అంటే ఇక్కడ మార్చి మధ్యన; టమాటాకు ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు, అది ఉగాది రోజుల్లో పడుతుంది. పెరుగు డబ్బాలు కడిగి అడుగున నాలుగు బెజ్జాలు పెడితే అవే నారు కుండీలు. పెరటి మట్టి మాత్రం వాడకూడదు. నారు కోసం అమ్మే తేలికైన మిశ్రమమే కావాలి. మిరప గింజలు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర చురుగ్గా మొలుస్తాయి, ఇక్కడి ఇళ్ళలో ఆ వేడి ఉండదు కాబట్టి మొలకెత్తే దాకా అడుగున వెచ్చదనమిచ్చే చాప పరచి, మొలక కనిపించగానే తీసేయాలి.

చాలామంది తడబడేది వెలుతురు దగ్గర. దక్షిణపు కిటికీ ఎంత వెలుగ్గా కనిపించినా మొక్కకు అది చాలదు. వారంలో కాడలు దారాల్లా సాగి అద్దం వైపు వంగిపోతాయి. మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటునే మొక్కల తలలకు రెండు నుంచి నాలుగు అంగుళాల ఎత్తున వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపాలి. రెండో శత్రువు నారుకుళ్ళు తెగులు. రాత్రి నిటారుగా నిలిచిన మొక్క, తెల్లవారేసరికి మట్టికి ఆనుకున్న చోట నల్లగా సన్నబడి పక్కకు ఒరిగిపోతుంది, దానికిక మందు లేదు. ముద్దగా తడపడమే ఆ తెగులుకు ఆహ్వానం కాబట్టి డబ్బాలను పళ్ళెంలో పెట్టి కింది నుంచి నీరు పీల్చుకోనిచ్చి, మిగిలినది పారబోయాలి. చిన్న ఫ్యాను గాలి తగిలితే కాడ కూడా గట్టిపడుతుంది.

మే రెండో వారంలో నారును రాటుదేల్చడం మొదలుపెట్టాలి. ఇంట్లో పెరిగిన ఆకుకు ఎండ, గాలి రెండూ కొత్తే, నేరుగా ఎండలో పెడితే తెల్లమచ్చలు పడి కాలిపోతుంది. మొదటి రోజు గంటసేపు నీడలో, తర్వాత రోజుకో గంట చొప్పున పెంచుతూ క్రమంగా ఎండలోకి, పది రోజులకు రాత్రి కూడా బయటే. ఉద్యోగానికి వెళ్ళేవారికి ఇది కష్టమే, ఆ పది రోజుల్లో రెండు శని, ఆదివారాలు పడేలా చూసుకుంటే కొంత తేలిక. రాత్రి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గదని నమ్మకం కుదిరాక, సాధారణంగా మే మూడో వారం తర్వాత, మేఘం పట్టిన సాయంత్రం చూసి నాటాలి. టమాటాను కింది ఆకులు తుంచి కాడలో సగం దాకా పాతిపెట్టవచ్చు, పూడిన కాడకు వేళ్ళు పుడతాయి. వంగను, మిరపను అంత లోతున పాతనక్కరలేదు.

గోంగూర, బెండ, తోటకూర విత్తనాలకు నేల 65 నుంచి 70 డిగ్రీల దాకా వేడెక్కాలి, అంతకన్నా ముందు వేస్తే గింజ మొలవకుండా కుళ్ళిపోతుంది. బీర, సొర గింజలను మే మొదట్లో కాగితపు కప్పుల్లో పెట్టి, వేళ్ళు కదలకుండా జూన్ మొదటి వారంలో పాదు చేసి నాటితే కనీసం మూడు వారాలు కలిసివస్తాయి. ఈ విత్తనాలను ఇండియా నుంచి పెట్టెలో తెచ్చుకోవడం సరికాదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాలను అమెరికా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, పైగా మన కూరగాయల విత్తనాలు అమ్మేవారు ఇక్కడే ఉన్నారు. చిక్కుడు కొనేటప్పుడు మాత్రం పొట్లం వెనుక చదవాలి. మన పందిరి చిక్కుడు రకాల్లో చాలావాటికి పగటి పొద్దు తగ్గితేనే పూత వస్తుంది. మినియాపోలిస్‌లో జూన్ పగలు పదిహేను గంటలు దాటుతుంది కాబట్టి, తీగ వేసవంతా కంచె నిండా అల్లుకుని, సెప్టెంబరులో ఊదా రంగు పూలు తొడిగి, కాయ లావెక్కేలోపే ఫ్రాస్ట్‌కు మాడిపోతుంది. పగటి పొడవుతో పనిలేని పొట్టి రకమైతే జూన్‌లో వేసినా చలి రాకముందే కాయలు చేతికొస్తాయి.