రోజువారీ పనులకు ఒపినెల్ చాకు

చిన్న మడతచాకు కావాలంటే ఒపినెల్ 6వ నంబరు తీసుకోండి. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండప్రాంతంలో 1890లో పుట్టిన చాకు ఇది. బ్లేడు సుమారు 7 సెంటీమీటర్లు. యాపిల్, రొట్టె, చీజ్, పార్శిల్ టేపు, దేనికైనా చాలు. ఎక్కువమంది 8వ నంబరు కొంటారు గానీ, ప్యాంటు జేబులో అది అడ్డంగా ఉంటుందని నా అభిప్రాయం.

నా ఓటు కార్బన్ స్టీలుకే, సాన పట్టడం తేలిక. కాకపోతే కోయగానే తుడిచేయాలి. మామిడికాయ పులుపుకు బ్లేడు నల్లబడితే టెన్షన్ పడొద్దు, ఎర్ర తుప్పును మాత్రం రానివ్వకండి. పిడి బీచ్ చెక్క. తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు గోళ్లతో పీకకండి. పిడి వెనుక కొసను బల్లకేసి తట్టండి, బ్లేడు కాస్త బయటికొస్తుంది. సవోయ్‌వాళ్ల పాత కిటుకు ఇది.

తెరిచాక మెడ దగ్గరి ఉంగరం తిప్పండి, బ్లేడు వేళ్ల మీదికి మూసుకోదు. 1955లో వచ్చిన ఏర్పాటిది.

ఫ్రాన్స్‌లో సరైన కారణం లేకుండా వీధిలో చాకు పట్టుకు తిరగడం నేరం. అందుకే నేను భోజనం డబ్బాతో పాటు సంచి అడుగున పెడతాను. ఇండియాకు వచ్చేటప్పుడు చెక్-ఇన్ బ్యాగులోనే వేయండి.